మా ఆల్బంలో నాలుగో గొంతు

నేను దయ్యాలను నమ్మనంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. నా బతుకుతెరువే చనిపోయినవాళ్ళతో. ఉప్పల్ చౌరస్తా దగ్గర ఒక ఫ్లెక్సీల షాపులో డిజైనర్‌గా పనిచేసేవాణ్ణి. మా షాపుకు ముఖ్యంగా రెండు రకాల గిరాకీ ఉండేది. పుట్టినరోజు జరుపుకునే లీడర్లు, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు.

పోయినవాళ్ళ ఫోటో అంటే మంచిది ఎవరూ తెచ్చేవారు కాదు. రేషన్ కార్డు మీదిదో, ఎవరి పెళ్ళిలోనో మూలకు నిలబడి దిగిందో తెచ్చేవారు. నేను ఆ తల కత్తిరించి, నా దగ్గర ఎప్పుడూ రెడీగా ఉండే నల్లకోటు మీద అతికించి, మెడలో దండ వేసి, పక్కన దీపం పెట్టి, పైన పెద్దగా 'అశ్రునివాళి' అని రాసేవాణ్ణి. బతికుండగా ఎన్నడూ కోటు తొడగని ఎంతమందికో పోయాక నేనే తొడిగాను. మధ్యాహ్నం ఆ కంప్యూటర్ ముందే టిఫిన్ బాక్స్ విప్పి, స్క్రీన్ మీద ఏ ముసలాయన చెంపల మచ్చలో చెరుపుతూ పప్పన్నం తినేసేవాణ్ణి. దయ్యమే ఉంటే, నా మీద కోపం రావడానికి దానికి కావలసినన్ని కారణాలు ఉన్నాయి. ఒక్క దయ్యమూ రాలేదు. అందుకే నాకు ధైర్యం కాదు, ఒక రకమైన నిర్లక్ష్యం ఉండేది.

ఇది రాష్ట్రం రాకముందు మాట. ఉప్పల్ రోడ్డు మధ్యలో మెట్రో పిల్లర్లు లేస్తున్నాయి. ఊరంతా దుమ్ము.

అప్పట్లో మేం ముగ్గురం కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నాం. నేను, సాల్మన్‌ని, డ్రమ్స్. నాచారంలో మా చర్చిలో ఆదివారం ఆరాధనకు డ్రమ్స్ వాయించేది కూడా నేనే. మహేష్‌ది సెల్‌ఫోన్ రిపేరు షాపు, పాడేది వాడు. శ్రీకాంత్ ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటూ, ఆ వెతకడంలో తీరిక దొరికినప్పుడల్లా గిటార్ వాయించేవాడు. మా దిక్కు మనిషి పోయాక చేసే కర్మలను దినాలు అంటారు. బ్యాండుకు ఆ పేరే పెట్టాం. 'దినాలు'. ఇరవై రెండేళ్ళ వయసులో అది మాకు మస్తు పేరనిపించింది.

చేసిన ఆల్బం ఒక్కటే. దాని పేరు కూడా 'అశ్రునివాళి'. సగం హారర్ పంక్, సగం డెత్ మెటల్. తెలియనివాళ్ళకు చెప్పాలంటే, హారర్ పంక్ అంటే దయ్యాల కథలను హుషారుగా, అందరూ కలిసి అరిచేలా పాడటం. డెత్ మెటల్ అంటే గొంతుతో కాదు, కడుపులోంచి గుర్రుమంటూ పాడటం. మహేష్ గుర్రుమంటే పక్కింటి కుక్క మంచం కిందికి దూరేది. మా అమ్మ మాత్రం నన్నే తిట్టేది.

"పొద్దుగాల దేవుని పాటకు కొట్టిన చేతులు, మాపటికి దయ్యాల పాటకు ఎట్ల లేస్తున్నయ్‌రా నీకు?"

లేచేవి. నాకు రెండింటిలోనూ తాళం తప్పకపోతే చాలు.

శ్రీకాంత్ మేనమామకు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మూతపడ్డ చిన్న షెడ్డు ఒకటి ఉండేది. గోడలకు కోడిగుడ్ల అట్టలు కొట్టి అందులోనే రికార్డు చేశాం. ఆదివారం చుట్టుపక్కల ఫ్యాక్టరీలు బంద్ ఉంటాయి కనుక మాకు అది అనుకూలం. చర్చి అయ్యాక భోంచేసి వెళ్ళి, పొద్దుగూకేలోపు ముగించేవాళ్ళం.

చివరి పాట గురించి కొంచెం చెప్పాలి. మన ఇళ్ళలో గడప దాటేటప్పుడు 'పోత' అనరు కదా, 'పోయొస్త' అంటారు. మా పాటలో పాడె మీద పోతున్న మనిషి దారిలో కనిపించిన ప్రతివాడికీ 'పోయొస్త, పోయొస్త' అని చెప్తూ పోతాడు. చరణాలు మహేష్ గుర్రుమనేవి, కోరస్ ముగ్గురం కలిసి అరిచేది. ముగ్గురికీ మూడు మైకులు. ఒక్కొక్కరి గొంతు ఒక్కో ట్రాకులో విడిగా పడుతుంది.

ట్రాకులన్నీ కలిపి మిక్సింగ్ చేస్తున్నప్పుడే ఆ కోరస్ నాకు చిరాకు తెప్పించింది. మా 'పోయొస్త' అయిపోయీ అవకముందే వెనకాల ఇంకో 'పోయొస్త' వినిపిస్తోంది. ఎవడో ఆలస్యంగా అందుకున్నట్టు. డ్రమ్స్ వాయించేవాడికి అలాంటివి గోటి కింద ముల్లులా ఉంటాయి. ఎవడ్రా లేటు అని అడిగితే ఇద్దరూ నేను కాదంటే నేను కాదన్నారు. రేకుల షెడ్డు కదా, గోడకు తగిలి వెనక్కి వచ్చిందనుకున్నాం. వినడానికి నిండుగా ఉందని అలాగే వదిలేశాం.

ఇక కవర్ మీద బొమ్మ కావాలి. దండ వేసిన ఫోటో పెడదామన్నది నా ఆలోచనే. కానీ ఎవడి ఫోటో? బతికున్నవాడి ఫోటోకు దండ వేస్తే ఆయుష్షు తగ్గుతుందని మహేష్ వాళ్ళమ్మ కట్టె పట్టుకుంది. శ్రీకాంత్ మేకపోతు గాంభీర్యం చూపించి, చివరికి వాడూ వెనక్కి తగ్గాడు. నా సంగతి మా అమ్మకు తెలిస్తే ఆదివారం చర్చిలో సంఘమంతా నాకోసం మోకరిస్తుంది.

అందుకని లేని మనిషిని తయారుచేశాను. కళ్ళు శ్రీకాంత్‌వి. దవడ, మూతి మహేష్‌వి. నుదురు, ముక్కు, చెవులు నావి. నా నుదురు శ్రీకాంత్ కనుబొమ్మలకు సరిగా అతకలేదు. ఎడమ పక్క అతుకు కనిపిస్తోంది. దాన్ని దాచడానికి ఎడమ కనుబొమ్మ మీద అడ్డంగా ఒక చిన్న కోత గుర్తు గీశాను. పాత దెబ్బలా కుదిరింది. మెడ కింద మన నల్లకోటు. కింద రివాజు ప్రకారం 'శోకతప్త హృదయాలతో, మిత్రబృందం' అని రాశాను. పేరు మాత్రం పెట్టలేదు.

అదే బొమ్మ సీడీ కవర్ మీద వేశాం. సీడీలు మహేష్ షాపులో పెట్టాం. అదే బొమ్మతో ఒక ఫ్లెక్సీ కొట్టించి నాచారం బస్టాప్ దగ్గర కరెంటు స్తంభానికి కట్టాం. చూసినవాళ్ళు నిజం అనుకుని తర్వాత నవ్వుకుంటారని మా సంబరం.

నవ్వలేదు ఎవరూ. టీ హోటల్ ఆయన నాకు చాయ్ ఇస్తూ, "పాపం, మంచి పిల్లగాడుండె. ఏమైందట?" అని అడిగాడు. కటింగ్ షాపులో ఒకాయన, ఆ అబ్బాయి ఎప్పుడూ చివరి కుర్చీలోనే కూర్చునేవాడన్నాడు. మేం పగలబడి నవ్వుకున్నాం. మా ముగ్గురి ముఖాలూ ఈ వీధుల్లో రోజూ తిరిగేవే, కలిపితే తెలిసినట్టే ఉంటుంది కదా. ఇప్పటికీ ఆ మాటలో తప్పు లేదనుకుంటాను.

తర్వాత ఎవరో ఆ ఫ్లెక్సీ కింద బంతిపూల దండ కట్టడం మొదలుపెట్టారు. వాడిపోతే తీసి కొత్తది కట్టేవారు. అప్పుడు మాత్రం మహేష్ నవ్వడం తగ్గించాడు.

ఫ్లెక్సీల అడుగున ప్రింటు చేసిన షాపు పేరు, ఫోన్ నంబరు చిన్నగా వేసుకోవడం మాకు అలవాటు. అది చూసుకుని ఒకరోజు మధ్యాహ్నం ఒకామె మా షాపుకు వచ్చింది. నీలం ఏప్రన్ ఇంకా విప్పలేదు. నాచారంలో మందుల ప్యాకింగ్ చేసే కంపెనీలో పని. పేరు స్వరూప. దాదాపు నా ఈడే ఉంటుంది.

"అన్నా, బస్టాపు కాడి ఫ్లెక్సీ ఎవలు ఏపిచ్చిన్రు?"

మేమేనన్నాను. ఆమె కుర్చీ వెనకభాగం పట్టుకుని నిలబడింది.

"మరి నాకెందుకు చెప్పలే? దోస్తులని రాసిన్రు గద. మా తమ్ముడు ఏడ పోయిండు, ఎట్ల పోయిండు? గదొక్కటి చెప్పున్రి."

తమ్ముడి పేరు యాదగిరి. జనగామ అవతల ఏదో ఊరు వాళ్ళది. తల్లిదండ్రులు లేరు. అక్కాతమ్ముడు నాచారంలో ఒక్క గది అద్దెకు తీసుకుని, చెరో కంపెనీలో పనిచేసుకునేవారు. రెండేళ్ళ కింద ఒక సాయంత్రం ఆమె నల్లా దగ్గర బిందెలు నింపుకుంటుంటే, వెనక నుంచి "పోయొస్తక్కా" అని బయటికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చింది. దవాఖానాలన్నీ తిరిగింది. వస్తే వెతుక్కోకూడదని ఆ గది మారలేదు, తాళం కూడా మార్చలేదు.

"నేను నీళ్ళ లొల్లిల ఉండి పలుకలేదన్నా. మంచిది, పోయిరా అనాలె గద. అనలే. అంటే వస్తుండేనేమో."

ఇది చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు. ఆ మాట ఎన్నిసార్లు తనలో తాను అనుకుందో మరి. ఇప్పుడు ఆమె మీద ఇంకో ఒత్తిడి ఉంది. ఊరివాళ్ళెవరో బస్సులో పోతూ ఫ్లెక్సీ చూసి ఆమె మేనమామకు చెప్పారు. ఫ్లెక్సీ కూడా పడ్డాక ఇంకేం చూస్తావు, వచ్చి దినాలు చెయ్యమని ఆయన రోజూ ఫోన్ చేస్తున్నాడు. చేస్తే తమ్ముడు పోయినట్టే. చెయ్యకపోతే, నిజంగా పోయుంటే, దిక్కులేనివాడిగా తిరుగుతాడు. ఏది నిజమో తెలుసుకోవడానికి మా దగ్గరికి వచ్చింది.

అమ్మా, ఇది ఉత్తుత్తి మనిషి, పాటల కోసం చేశామని చెప్పాను. నమ్మలేదు. కంప్యూటర్‌లో ఫైలు తెరిచాను. ఏ భాగం ఎవరిదో చూపించడానికి కళ్ళ లేయర్ ఆపేశాను. ఆ ముఖం కళ్ళ చోట ఖాళీగా మారింది.

"మల్ల పెట్టన్నా," అంది వెంటనే. పెట్టేశాను.

అప్పుడామె పర్సులోంచి పాస్‌పోర్ట్ సైజు ఫోటో తీసి కీబోర్డు మీద పెట్టింది.

నేను ముఖాలతో బతికేవాణ్ణి. పోలిక వేరు, అదే ముఖం వేరు. అది అదే ముఖం. ఎడమ కనుబొమ్మ మీద అడ్డంగా కోత. చిన్నప్పుడు బోరింగు హ్యాండిల్ తగిలిందట. మేం యాదగిరిని ఎన్నడూ చూడలేదు. ఆ ఫోటో అంతకుముందు ఆమె పర్సు దాటి ఎక్కడికీ పోలేదు, ఒక్క పోలీస్ స్టేషన్‌కు తప్ప.

ఆమె ఫోటోనూ స్క్రీన్‌నూ మార్చి మార్చి చూసింది. "మీరు ముగ్గురు కలిస్తే మా తమ్ముడైండా?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది.

తర్వాత ఆ పాటలు వినిపించమంది. నాకు సిగ్గేసింది. తమ్ముడి కోసం వచ్చిన మనిషికి డెత్ మెటల్ ఎలా వినిపిస్తాం? వద్దన్నా వినలేదు. మహేష్ గుర్రుమంటున్నంతసేపూ, బస్సు కోసం చూస్తున్నట్టు ఓపికగా కూర్చుంది. చివరి పాట కోరస్ రాగానే చెయ్యి ఎత్తింది.

"ఇగో. గీడ. గిది మావోడే."

ఆమె చూపించింది ఆ వెనకబడిన గొంతునే.

"వాడు అన్నిట్ల లేటే అన్నా. కోలాటంల అందరి కట్టెలు తాకినంక వాని కట్టె తాకుతది. జై తెలంగాణ అన్నా గంతే. అందరన్నంక వీడొక్కడు అంటడు. అందరు నవ్వుతరు."

ఆమె వెళ్ళాక నేను మొదటిసారి భయపడ్డాను. భయపడ్డానని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ఆ రోజే శ్రీకాంత్‌ని పిలిచి ట్రాకులు ఒక్కొక్కటీ విడిగా విన్నాం. నా ట్రాకులో నేనే. శ్రీకాంత్ ట్రాకులో వాడే. మహేష్‌దీ అంతే. ఏ ట్రాకులోనూ వెనకబడిన గొంతు లేదు. మూడూ కలిపి వింటే ఉంది. గోడకు తగిలిన ప్రతిధ్వని అయితే విడిగా విన్నా ఉండాలి కదా. శ్రీకాంత్ ఇంజనీరింగ్ భాషలో ఏదో చెప్పబోయి, మధ్యలోనే ఆగిపోయి, నీళ్ళు తాగాడు.

మహేష్ ఆ ఫ్లెక్సీని విప్పి కాల్చేద్దామన్నాడు. విప్పాం కానీ కాల్చడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. మడతపెట్టి షెడ్డులో పెట్టాం. మా అమ్మకు సంగతి చెబితే నన్ను తిట్టలేదు. ఆ పిల్ల పేరు అడిగి, ఆ సాయంత్రం ప్రార్థనలో చెప్పుకుంది.

రాఖీ పున్నమ రోజు స్వరూప ఫోన్ చేసింది. ఫ్లెక్సీ ఏదని అడిగింది. షెడ్డులో ఉందంటే వస్తానంది. మా దిక్కు పోయిన అన్నదమ్ముల ఫోటోలకు కూడా రాఖీ కట్టే అక్కాచెల్లెళ్ళు ఉన్నారు. అలాంటిదేదో అనుకుని ముగ్గురం వెళ్ళాం.

ఆ ఏడు కరెంటు కొరతతో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు ఇస్తుండేవారు. ఆ రోజు కూడా అంతే. మిట్టమధ్యాహ్నం ఇండస్ట్రియల్ ఏరియా మొత్తం నోరు మూసుకుని ఉంది. షెడ్డులో వెలుగు కోసం షట్టర్ సగం ఎత్తి ఉంచాం.

స్వరూప ఫ్లెక్సీ విప్పి చూసింది. నా నల్లకోటు ఛాతీ దగ్గరే ఆగిపోతుంది. చేతులు ఉండవు. రాఖీ కట్టడానికి చోటు లేదు. కాసేపు దాన్నే చూసి, మా వైపు తిరిగింది.

"మీల ఉన్నడు గద. మీకే కడ్త."

మహేష్‌కు, శ్రీకాంత్‌కు, నాకు కట్టింది. మహేష్ కళ్ళు తుడుచుకున్నాడు, నేనూ తుడుచుకున్నాను. ఆమె సంచిలో నాలుగో రాఖీ ఉంది. ఎర్రదారం, మధ్యలో పసుపు పువ్వు. దాన్ని ఖాళీ మైకు స్టాండుకు తగిలించింది. ఇప్పుడా పాట అనమంది.

కరెంటు లేదు. మైకుల్లేవు, స్పీకర్లు లేవు. ముగ్గురం ఉత్త గొంతులతో అరిచాం. "పోయొస్త!"

ఆగాం. ఆగాక వచ్చింది. "పోయొస్త."

గోడల దిక్కు నుంచి కాదు, షట్టర్ దిక్కు నుంచి. షట్టర్ కింద నేల మీద ఎండ పరుచుకుని ఉంది. అక్కడ ఎవరైనా నిలబడితే కాళ్ళు కనిపించాలి, కనీసం నీడైనా పడాలి. ఏమీ లేదు. ముగ్గురం విన్నాం. అది మా ముగ్గురిలో ఎవరి గొంతూ కాదు. పల్లెటూరి కుర్రవాడి గొంతు, కొంచెం బొంగురుగా, ఆలస్యమైనందుకు నవ్వు ఆపుకుంటున్నట్టు.

స్వరూప షట్టర్ వైపు తిరగలేదు. కళ్ళు మూసుకుని, మెల్లగా, "మంచిది, పోయిరా," అంది.

మహేష్ పరుగెత్తి షట్టర్ పూర్తిగా ఎత్తాడు. బయట ఎండ, పొడుగాటి రోడ్డు, అవతల కంపెనీ గేటు దగ్గర కునుకు తీస్తున్న వాచ్‌మన్. వెనక్కి తిరిగేసరికి మైకు స్టాండు మీద రాఖీ లేదు.

వెతికాం. డ్రమ్స్ కింద, అట్టల వెనక, మా జేబుల్లో కూడా. ఊడ్చి చూశాం. మేం నేల మీద పాకుతుంటే స్వరూప చెప్పులు వేసుకుంటోంది. దినాల సంగతి ఏం చేస్తావని అడిగాను.

"చెయ్యను," అంది. "రాఖీ తీస్కపోయిండంటే, ఏడనో చెయ్యి ఉన్నట్టే గద అన్నా."

మహేష్ అభిప్రాయం వేరు. పోయినవాడు అక్క మాట కోసం వచ్చి, విని, వెళ్ళిపోయాడని వాడంటాడు. నేను ఇద్దరితోనూ వాదించలేదు. ఆ మర్నాడు ఆల్బం పెట్టి విన్నాను. చివరి కోరస్‌లో మేం ముగ్గురమే ఉన్నాం. మహేష్ షాపులో మిగిలిన సీడీలు తెప్పించి విన్నాను. వాటిలోనూ అంతే. ఇంతకుముందు నిండుగా ఉన్న పాట ఇప్పుడు పలచగా ఉంది. అది విన్నాక నాకు హాయిగా ఉండాలి. దిగులేసింది.

ఆ తర్వాత బ్యాండు సాగలేదు. శ్రీకాంత్‌కు ఉద్యోగం వచ్చింది. స్వరూప ఏటా వచ్చి మా ముగ్గురికీ రాఖీ కడుతుంది. ఆ గది మారలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు ఉప్పల్ చౌరస్తాలో ఇసుక వేస్తే రాలనంత జనం. డప్పులు, టపాసులు, ఒకరి మీద ఒకరు గులాల్ చల్లుకుంటున్నారు. నేనూ షాపు మూసి అందులో కలిశాను. పిల్లర్ పక్కన ఎవరో నినాదం అందుకుంటే, వందల గొంతులు ఒక్కసారిగా "జై తెలంగాణ" అన్నాయి.

ఆగాక, నా వెనకాల ఒక్క గొంతు అంది. "జై తెలంగాణ."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గిర్రున తిరిగాను. అన్నీ గులాబీ రంగు ముఖాలే. కనుబొమ్మలు కూడా కనిపించనంత రంగు. ఒక్కొక్క ముఖాన్నీ దగ్గరికి వెళ్ళి చూశాను. కొందరు నన్ను కావలించుకుని ఇంకా రంగు పూశారు. మళ్ళీ నినాదం వచ్చింది. ఈసారి వెనకబడిన గొంతు లేదు.

ఆ గోలలోనే స్వరూపకు ఫోన్ చేశాను. చెప్పాలా వద్దా అని ఆలోచించలేదు. అంతా వింది. తర్వాత ఒక్కటే అడిగింది.

"చేతికి రాఖీ ఉండెనా అన్నా?"

తల పైకెత్తాను. చౌరస్తా నిండా గాలిలోకి లేచిన చేతులే. జనం అప్పటికే రామంతాపూర్ వైపు కదిలిపోతున్నారు.

ఇన్నేళ్ళయినా దీన్ని ఏమనాలో నాకు తెలియదు. ఆ రోజు నేను ముఖాలే వెతికాను. చేతులు చూడలేదు.